పట్టీ బిగించాకే గగన విహారం!

జూబిలీ హిల్స్: తెల్లవారుజామున కృష్ణానగర్ సందుల్లోకి వెళితే టీ బడ్ల ముందు గుంపులు గుంపులుగా మనుషులు కనిపిస్తారు. ప్రొడక్షన్ బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, ఫైటర్లు. వీరిలో ఫైటర్లను పోల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. మోచేతుల మీద పాత దెబ్బల మచ్చలు, భుజాన మోకాళ్ల తొడుగులు కుక్కిన సంచీ. ఆ రోజు పని ఏమిటో సెట్టుకు చేరేదాకా వారిలో చాలామందికి తెలియదు. కాని 'రోప్ షాట్' ఉందని తెలిస్తే మాత్రం అనుభవం ఉన్నవాడు ముందుగా వాకబు చేసేది ఒక్కటే: తాడు ఎవరు కడుతున్నారు, కట్టాక ఎవరు చూస్తారు?

అక్కడికి కూతవేటు దూరంలో జూబిలీ హిల్స్ ఉంది. సెలవులు దగ్గర పడ్డాయంటే ఈ ఇళ్లలో కులూ, మనాలీ ప్రయాణాల మాటలు మొదలవుతాయి. ఫోనులో చూసిన రంగుల రెక్క, దాని కింద కాళ్లు ఊపుతూ కేరింతలు కొట్టే స్నేహితుడు, వెనక మంచు కొండలు. మనమూ ఒకసారి ఎగిరి వద్దామన్న ముచ్చట పుట్టడం సహజమే. అయితే అక్కడ కొండ అంచున నిలబడినప్పుడు, కృష్ణానగర్ ఫైటరు అడిగే ఆ చిన్న ప్రశ్నను మన పర్యాటకుల్లో ఎందరు అడుగుతున్నారు?

అడగవలసిన అవసరం ఎంత ఉందో 2024 ఫిబ్రవరి 11న తెలిసివచ్చింది. ఆ ఆదివారం హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లా డోభీ దగ్గర, తెలంగాణకు చెందిన 26 ఏళ్ల పర్యాటకురాలు ఒకరు పైలట్‌తో కలిసి పారాగ్లైడర్‌పై ఎగిరారు. గాలిలో ఉండగానే జారి కిందపడి మరణించారు. వాతావరణంలో తేడా ఏమీ లేదు. ఎగరడానికి అనుమతి ఉన్న చోటే అది. పరికరాలు ఆమోదం పొందినవే. పైలట్ పేరు కూడా రిజిస్టరులో ఉన్నదే. ప్రయాణికురాలి రక్షణ పట్టీ సరిగా బిగిసిందో లేదో చూసుకోకపోవడమే కారణంగా కనిపిస్తున్నదని అక్కడి అధికారులు అప్పట్లో చెప్పారు. పోలీసులు పైలట్‌ను అరెస్టు చేశారు.

ఇది మన దేశంలో మాత్రమే జరిగే నిర్లక్ష్యమని అనుకుంటే పొరపాటు. 2012 ఏప్రిల్ 28న కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో హాంగ్ గ్లైడర్ ఎక్కిన ఒక యువతి ఇలాగే రాలిపోయింది. ఆమె ఒంటికి పట్టీలు ఉన్నాయి గాని, ఆ పట్టీలను రెక్కకు తగిలించలేదు. ఆ పైలట్ కెమేరాలోని మెమరీ కార్డును మింగేశాడు! చివరకు నేరం ఒప్పుకోగా 2014లో అతనికి ఐదు నెలల జైలుశిక్ష పడింది. 2018లో స్విట్జర్లాండ్‌లో మరొకటి. మొదటిసారి హాంగ్ గ్లైడర్ ఎక్కిన అమెరికా పర్యాటకుడు ఒకాయనను రెక్కకు తగిలించడం మరిచిపోయి పైలట్ పరుగు తీశాడు. ఆ పర్యాటకుడు రెండు నిమిషాలకు పైగా చేతులతో వేలాడి, నేల దగ్గర పడ్డాక వదిలేశాడు. మణికట్టు విరిగింది, కండరం తెగింది, ప్రాణం దక్కింది. ఆ వీడియోను లోకమంతా చూసింది.

ఈ మూడింటిలోనూ రెక్క విరగలేదు, గుడ్డ చిరగలేదు, గాలి ఎదురు తిరగలేదు. మనిషిని రెక్కకు కట్టిపెట్టే పట్టీ దగ్గరే లోపం జరిగింది.

రెండు రకాల రెక్కలు

ఈ రెండు క్రీడల పేర్లు వినడానికి ఒకేలా ఉన్నా సాధనాలు వేరు. హాంగ్ గ్లైడర్‌కు అల్యూమినియం గొట్టాల చట్రం ఉంటుంది. దానిమీద గట్టి గుడ్డ బిగిస్తారు. మనిషి దాని కింద బోర్లా వేలాడుతూ, ముందున్న కడ్డీ పట్టుకుని ఒళ్లు అటూ ఇటూ జరిపి దారి మళ్లిస్తాడు. పారాగ్లైడర్‌కు చట్రమే లేదు. గుడ్డతో కుట్టిన అరల వరుస అది. ముందు నోళ్లలోంచి గాలి దూరి అరలను ఉబ్బిస్తే అదే రెక్క అవుతుంది. సన్నని తాళ్లు కిందికి దిగి, హార్నెస్ అనే పట్టీల కుర్చీకి చేరతాయి. మొత్తం మడిచి సంచీలో పెట్టుకుని కొండ ఎక్కవచ్చు. ఇంత సులువు కావడం వల్లనే అది ఊరూరా వ్యాపారమైంది.

ఈ విద్యకు ఆద్యుడని చెప్పదగిన జర్మన్ ఇంజనీరు ఒట్టో లిలియెంథాల్ సుమారు రెండు వేలసార్లు ఎగిరి, 1896 ఆగస్టు 9న కూలిపడి మర్నాడు కన్నుమూశాడు. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ 1948లో మడిచే రెక్కను రూపొందించారు. హాంగ్ గ్లైడర్‌కు అది మూలమైంది. 1978లో ఫ్రాన్సులోని మియుసీ అనే ఆల్ప్స్ గ్రామంలో కొందరు పారాచూట్ ప్రియులు విమానం ఖర్చు భరించలేక, కొండవాలు మీద పరుగెత్తి ఎగిరారు. పారాగ్లైడింగ్‌కు అక్కడే అంకురార్పణ జరిగింది. డబ్బు మిగుల్చుకోవాలన్న ఆలోచనలోంచి ఇంత క్రీడ పుట్టిందంటే మనవాళ్లకు నచ్చే సంగతే!

'ఊపిరి' వెనక అసలు మనిషి

ఫిలింనగర్‌కు ఈ క్రీడతో మరో చుట్టరికం ఉంది. 2016 మార్చి 25న విడుదలైన 'ఊపిరి' చిత్రం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వంశీ పైడిపల్లి దర్శకత్వం. నాగార్జున చక్రాల కుర్చీకి పరిమితమైన కోటీశ్వరుడు, కార్తి ఆయనను చూసుకునే కుర్రవాడు. ఆ కోటీశ్వరుడు మెడ కింది నుంచి కదలలేని స్థితికి రావడానికి కారణం పారాగ్లైడింగ్ ప్రమాదం.

ఆ చిత్రానికి మూలం 2011లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'ఇన్‌టచబుల్స్'. దానికి మూలం ఫిలిప్ పోజో ది బోర్గో అనే నిజమైన మనిషి. పేరున్న షాంపేన్ సంస్థలో పెద్ద ఉద్యోగి. 1993లో ఆల్ప్స్‌లో పారాగ్లైడర్‌తో కూలిపోయినప్పుడు ఆయన వయసు 42 ఏళ్లు. వెన్నుపూస దెబ్బతిని మెడ కింది భాగం చచ్చుబడింది. తన అనుభవాన్ని 2001లో పుస్తకంగా రాశాడు. ఆ స్థితిలోనే ముప్ఫై ఏళ్లు బతికి 2023లో మరణించాడు.

సినిమాలో ఆ ప్రమాదానికి దక్కింది కొన్ని నిమిషాలే. కథకు అంతకన్నా అక్కర్లేదు. అయితే హాలులోంచి బయటకొచ్చిన ప్రేక్షకుడికి స్నేహం గుర్తుంటుంది గాని, మనిషి ఎందుకు పడ్డాడన్న ప్రశ్న గుర్తుండదు. పోజో ది బోర్గో ఏమీ తెలియని పర్యాటకుడు కాదు, ఎగరడం నేర్చినవాడు. నేర్చినవాడికే అలా జరిగిందంటే, సెలవుకు వెళ్లి డబ్బు చెల్లించి కూర్చునేవాడి సంగతి ఎంత జాగ్రత్తగా చూడాలి!

తెర మీద తాడు కనిపించదు

తెర మీద హీరో గాలిలోకి లేచి, పదిమందిని తన్ని, నిలువుగా కాళ్ల మీద దిగుతాడు. చూసే కుర్రవాడికి గాలి అంటే భయం పోతుంది. ఆ షాట్ వెనక ఉన్న సరంజామా అతనికి కనిపించదు. బట్టల కింద నడుముకు, తొడలకు బిగించిన పట్టీలు ఉంటాయి. పైన క్రేను, కప్పీలు, అవతల కొస పట్టుకుని ఒక్కసారిగా లాగే మనుషులు. కింద పరుపులు, అట్టపెట్టెల దొంతరలు.

పాత రోజుల్లో తాడు తెర మీద కనిపించకూడదని సన్నని తీగలు వాడేవారు. రంగు పూసి, వెలుతురు తప్పించి దాచేవారు. తీగ ఎంత సన్ననైతే షాట్ అంత బాగా వచ్చేది, ప్రమాదం అంత పెరిగేది. కంప్యూటర్ల మీద తాడును చెరిపేసే పద్ధతి వచ్చాక లావు తాళ్లు వాడే వీలు కలిగింది. గ్రాఫిక్స్ వల్ల హీరోలకు పేరు వచ్చిందని అందరూ అంటారు గాని, ఫైటర్ల నడుములకు మోకులు వచ్చాయన్నది ఎవరూ చెప్పుకోరు.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 2016 నవంబరు 7న బెంగుళూరు సమీపంలోని తిప్పగొండనహళ్లి జలాశయం దగ్గర కన్నడ చిత్రం 'మాస్తిగుడి' షూటింగులో ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకి మునిగిపోయారు. వెంట దూకిన హీరో బయటపడ్డాడు. దూకడం వరకు అందరూ ఆలోచించారు, తర్వాత నీళ్లలోంచి ఎవరు తీస్తారన్నది మాత్రం సరిగా ఆలోచించలేదు. ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. ఆదుకోవలసిన పడవ సమయానికి అందలేదు.

పనివాడికి కనీసం ఒక యూనియన్ ఉంటుంది. పాతవాడు కొత్తవాడి ముడి చూస్తాడు. మాస్టరు తొందరపెట్టినా, ఒక్క నిమిషం ఆగండి మాస్టరూ అనగల మనిషి గుంపులో ఒకడుంటాడు. ఎప్పుడూ ఉంటాడని చెప్పలేము. ఉన్నప్పుడు మాత్రం ప్రాణాలు నిలుస్తాయి. పర్యాటకుడికి అలాంటి గుంపు లేదు. అక్కడికి అతను వచ్చేది మొదటిసారి, బహుశా ఆఖరుసారి.

క్లబ్బులు చేసే పని

ఈ క్రీడ వేళ్లూనుకున్న దేశాల్లో ఆ గుంపు స్థానంలో క్లబ్బు ఉంటుంది. క్లబ్బు అనగానే మనకు ఫిలింనగర్‌లో పేకాట బల్లలు, సాయంత్రం ఫలహారాలు గుర్తొస్తాయి. అది వేరు, ఇది వేరు. బ్రిటన్‌లో హాంగ్ గ్లైడింగ్ సంఘం 1974లోనే ఏర్పడింది. తర్వాత పారాగ్లైడింగ్ వారితో కలిసి ఒకే సంఘమైంది. కొండ ఎవరిదో ఆ రైతుతో మాట్లాడి అనుమతి తెచ్చేది స్థానిక క్లబ్బే. గొర్రెలు ఈనే రోజుల్లో ఎగరవద్దని చెప్పేదీ అదే. కొత్తగా వచ్చినవాడిని పాతవాడికి అప్పగిస్తారు. మెట్టుమెట్టుగా పరీక్షలు ఉంటాయి. ప్రమాదం జరిగితే ఏమి జరిగిందో విచారించి, తమ పత్రికలో అచ్చు వేస్తారు. అది చదివి మిగిలినవారు తమ పట్టీలు చూసుకుంటారు.

ఇక వారి రోజు ఎలా గడుస్తుందంటే, సగానికి సగం నిరీక్షణే. సంచీ వీపున మోసుకుని కొండెక్కి, గాలి కోసం కూర్చుంటారు. వాలుకు ఎదురుగా, నిదానంగా వీచే గాలి కావాలి. పారాగ్లైడర్ వేగం మామూలుగా గంటకు 35, 40 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఎదురుగాలి అంతకు చేరిందంటే రెక్క ముందుకు పోదు, వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని గాలి పెరిగిన రోజున ఫ్లాస్కులో టీ తాగి, కబుర్లు చెప్పుకుని, సంచీ విప్పకుండానే కొండ దిగుతారు. షూటింగు స్పాట్‌లో మబ్బు తొలగడానికి కూర్చునే మన యూనిట్లకు ఈ ఓపిక తెలిసినదే. ఈ కబుర్లలోనే సగం చదువు జరుగుతుంది. ఏ మబ్బు కింద గాలి పైకి లాగుతుందో, ఏ గుట్ట వెనక సుడి తిరుగుతుందో కొత్తవాడు అక్కడే వింటాడు.

గాలిలో కూడా మర్యాదలు ఉన్నాయి. కొండ అంచు వెంట ఇద్దరు ఎదురెదురుగా వస్తే, కుడివైపు కొండ ఉన్నవాడికి దారి ఇవ్వాలి. అతను తప్పుకుందామన్నా చోటు ఉండదు కనుక. వేడిగాలి స్తంభంలో ముందుగా దూరినవాడు ఏ వైపు తిరుగుతున్నాడో వెనక వచ్చినవాడూ అటే తిరగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ఆచారం ఒకటుంది. హాంగ్ గ్లైడర్ పైలట్ పరుగు తీసే ముందు, ఎవరైనా రెక్క ముక్కు పట్టుకుంటే, అతను పట్టీల మీద పూర్తిగా వేలాడి చూపాలి. కొక్కెం తగిలించకపోతే అక్కడే నేల మీద పడతాడు, నవ్వుకుని లేస్తాడు. పారాగ్లైడర్ వారు హెల్మెట్ పట్టీ, రెండు కాళ్ల పట్టీలు, ఛాతీ పట్టీ, కొక్కేలు, తాళ్లు, చుట్టూ ఆకాశం, గాలి అన్నీ వరుసగా చూసుకుంటారు. పక్కవాడు మళ్లీ చూస్తాడు. ఇరవై ఏళ్లుగా ఎగురుతున్నవాడికీ మినహాయింపు లేదు. పక్కవాడు చూశాడని చిన్నతనంగా భావించేవాడు అక్కడ ఎక్కువకాలం మనలేడు. కెనడాలో, స్విట్జర్లాండ్‌లో తప్పిపోయింది సరిగ్గా ఈ పరీక్షే.

జూబిలీ హిల్స్ నుంచి ఎగరవచ్చా?

ఈ ప్రశ్న వేసే కుర్రకారు లేకపోలేదు. ఊళ్లో గుట్టలకు కొదవా అంటారు. గుట్టలు ఉన్నమాట నిజమే గాని అక్కడినుంచి ఎగరడానికి వీల్లేదు. మొదటి సంగతి, ఆకాశం ఖాళీగా లేదు. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు తరలిపోయినా బేగంపేట విమానాశ్రయం పనిచేస్తూనే ఉంది. హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. రెండోది, నిటారు బండలకు తగిలిన గాలి అవతలి పక్క సుడులు తిరిగి మెత్తని రెక్కను నలిపేస్తుంది. మూడోది, దిగడానికి చోటేదీ? ఒకప్పుడు బండలూ తుప్పలూ ఉన్నచోట ఇప్పుడు మేడలు, కరెంటు తీగలు, చెక్‌పోస్టు దగ్గర కదలని వాహనాలు. నేర్చుకోవాలన్న నిజమైన ఆసక్తి ఉన్నవారు ముంబయి - పుణె దారిలోని కాంశెట్ వంటి చోట్లకు వెళ్లి, రోజుల తరబడి చిన్న గుట్టమీద పరుగులు తీసి నేర్చుకుంటారు.

పర్యాటకులుగా వెళ్లేవారు ఎక్కువగా చేరేది హిమాచల్‌కే. కాంగ్రా జిల్లాలోని బీర్ బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్‌లో ఎగిరి, దాదాపు వెయ్యి మీటర్లు దిగువనున్న బీర్‌లో వాలుతారు. ఆ రాష్ట్రంలో ఈ క్రీడలకు 2004 నుంచి నిబంధనలు ఉన్నాయి. పైలట్లు పేరు నమోదు చేసుకోవాలి, పరికరాలకు ఆమోదం పొందాలి. ఇవన్నీ కావలసినవే. అయితే రిజిస్టరు ఎవరి కాలికీ పట్టీ బిగించదు.

కొండ అంచున నిలబడ్డాక

కనుక టిక్కెట్టు కొన్నవారు కాస్త నోరు విప్పాలి. పైలట్ నమోదు పత్రం చూపమనడంలో తప్పులేదు. రిజర్వు పారాచూట్ ఉందా, దాన్ని ఈ మధ్య ఎప్పుడు విప్పి మళ్లీ మడిచారు అని అడగవచ్చు. మడతలోనే ఏళ్లు గడిచిన గుడ్డ అవసరానికి విచ్చుకోకపోవచ్చు. నేలకు బాగా దగ్గరలో ఉన్నప్పుడైతే మంచి గొడుగుకైనా విచ్చుకునే వ్యవధి చిక్కదు. హెల్మెట్ వదులుగా ఊగుతుంటే వేరేది అడగాలి.

పట్టీలు బిగించడం పైలట్ పనే. కాని మీ వేలితో మీరు తడిమి చూడండి. రెండు తొడలకూ ఒక్కొక్కటి, ఛాతీకి ఒకటి. లాగినప్పుడు ఊడి రాకూడదు. మీ హార్నెస్‌ను రెక్క తాళ్లకు కలిపే కొక్కేలు రెండు వైపులా ఉంటాయి, అవి తగిలించి ఉన్నాయో లేదో కళ్లతో చూసి, పైకి అడగండి. సగం పట్టీలు బిగించాక ఫోటో కోసం పిలుపు వస్తుంది. లేదా జేబులో ఫోను గుర్తొచ్చి ఒక పట్టీ వదులు చేస్తారు. పని మధ్యలో ఆగినప్పుడే ఒక బకిల్ మిగిలిపోతుంది. ఫోటో అయిపోయాక మళ్లీ మొదటినుంచీ చూడమనాలి. వెనక వరుసలో నలుగురు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పెళ్లిలో మూడు ముళ్లూ పడ్డాయా అని చూసేవారు పదిమంది ఉంటారు, ఇక్కడ చూసేవారు మీరూ పైలటూ మాత్రమే.

పరుగెత్తమన్నప్పుడు పరుగెత్తాలి. కాళ్లు నేల వదలగానే కూర్చుందామని మధ్యలో కూలబడేవారి వల్ల రెక్క లేవకుండానే వాలు మీద ఈడ్చుకుపోయిన సందర్భాలు ఉంటాయి. గాలి బాగా లేదు, ఈ పూట కుదరదు అని పైలట్ అంటే ఆయనతో వాదించకండి, అలా అన్నందుకు సంతోషించండి. తిరుగు రైలు టిక్కెట్టు చూపి బతిమాలేవారిలో మన తెలుగువారు వెనకబడి లేరు. ఈ వ్యాసకర్త కూడా ఒకప్పుడు వేరే కొండ మీద అలా బతిమాలినవాడే. ఆ పైలట్ ఒప్పుకోలేదు. అప్పుడు కోపం వచ్చింది, డబ్బు తిరిగి ఇచ్చినా తగ్గలేదు.

హిమాచల్ ప్రదేశ్‌లో వర్షాల కారణంగా ఏటా జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పారాగ్లైడింగ్ నిలిపివేస్తారు. ఆ రెండు నెలల్లో ఎవరైనా ఎగరేస్తామని ముందుకు వస్తే అది నిబంధనలకు విరుద్ధమని పర్యాటకులు గమనించగలరు.